విజార్డ్ 3, క్లెరిక్ 3 తీసుకున్న మా బావ వెనకబడిపోతున్నాడు, రూల్ మార్చాలా?

పానగల్లు_డీఎం

నమస్తే అందరికీ. మాది నల్లగొండ. ఐదుగురం ఆడతాం, నేను డీఎం (కథ నడిపేవాడిని), ఆడేవాళ్లు మా బావ, మా చెల్లి, వాళ్ల దోస్తులు ఇద్దరు. ఆదివారం మధ్యాహ్నం మా డాబా మీద రేకుల కింద కూర్చుంటాం. రూల్స్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాత్రలుగా మారి పాచికలతో ఆడే కథల ఆట) 5వ ఎడిషన్, 2014 నాటివే, కొత్తవాటికి ఇంకా మారలేదు. ప్రపంచం మాత్రం సొంతంగా అల్లుకున్నదే. కృష్ణ, మూసీ, నల్లమల, రాచకొండ గుట్టలు, దేవరకొండ ఖిల్లా, అన్నీ ఉన్నాయి, పేర్లు కొంచెం మార్చాను. డ్రాగన్ల బదులు గుట్టల్లో నిద్రపోయే రాతి జీవాలు, దేవుళ్ల జాబితా బదులు చెరువుకొక అమ్మవారు. మంత్రాలన్నీ వెలుగు, నీడ చుట్టూ తిరుగుతాయి, ఎందుకంటే ఛాయా సోమేశ్వరం గుడి మా ఇంటికి దగ్గర, గర్భగుడిలో పొద్దంతా ఒకేచోట పడే ఆ నీడను చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగాం, అది వదిలేసి వేరే మ్యాజిక్ రాయబుద్ధి కాలేదు.

అసలు లొల్లి ఏంటంటే మా బావ క్యారెక్టర్. రాజుగారి కొలువులో గ్రంథాలు చదివి మంత్రం నేర్చుకున్నవాడు, తర్వాత కరువులో ఊరు ఖాళీ అయితే చెరువు అమ్మవారికి మొక్కుకొని పూజారి అయ్యాడు. కథ నాకు మస్తు నచ్చింది. అందుకే విజార్డ్ 3, క్లెరిక్ 3, అంటే మంత్రవాది క్లాసులో మూడు లెవెళ్లు, పూజారి క్లాసులో మూడు తీసుకుంటా అంటే సరే అన్నా. ఇప్పుడు అందరూ 6వ లెవెల్. మా చెల్లి ఒట్టి విజార్డ్ 6, ఫైర్‌బాల్ వేస్తుంది, ఏడెనిమిది మంది దొంగలు ఒకేసారి ఖతం. బావ దగ్గర 3వ లెవెల్ స్లాట్లు (స్పెల్ వేస్తే ఖర్చయ్యే వంతులు) మూడున్నాయి, వాటితో వేయడానికి 3వ లెవెల్ స్పెల్ ఒక్కటీ లేదు (స్పెల్స్‌కీ వాటి సొంత లెవెల్ ఉంటుంది). "నన్నేం చేయమంటావ్ రా, దీపం పట్టుకొని నిలబడనా" అంటాడు. చెల్లి నవ్వుతుంది. అది ఇంకో మంట.

నాకు తట్టినవి: తెలిసిన స్పెల్స్‌ని కూడా మొత్తం లెవెల్‌ని బట్టే ఇచ్చేయడం, అంటే 6వ లెవెల్ కాబట్టి రెండు వైపులా 3వ లెవెల్ స్పెల్స్ దాకా. లేదా స్లాట్లు తీసేసి స్పెల్ పాయింట్లు పెట్టడం. లేదా క్యారెక్టర్‌ని మళ్లీ కట్టుకోమనడం, కానీ దీనికి బావ ఒప్పుకోడు.

ఇంకో పెద్ద ప్రశ్న కూడా ఉంది. మన ప్రపంచంలో మ్యాజిక్ మనమే రాసుకుంటున్నప్పుడు, రెండు దారులు కలిపినవాడు రెండింట్లోనూ అరకొరగా మిగలకుండా ఎట్లా రాయాలి? వేరే గేమ్‌కి మారమని మాత్రం చెప్పకండి, కొత్త రూల్స్ చదవమంటే మావాళ్లు రావడమే మానేస్తారు.

పాలమూరు_క్రిట్

అన్నా, మీ మొదటి ఐడియా మాత్రం వద్దే వద్దు. ఎందుకో చెప్తా, కానీ ముందు రూల్ ఏం చేస్తుందో చూద్దాం, చాలామంది ఇక్కడే పరేషాన్ అవుతారు.

5వ ఎడిషన్‌లో స్లాట్లు వేరు, తెలిసిన స్పెల్స్ వేరు. స్లాట్లకి విజార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, బార్డ్, సోర్సరర్ లెవెల్స్ పూర్తిగా కలుపుతారు, పాలడిన్, రేంజర్‌వి సగం, వార్లాక్‌ది అసలు వేరే లెక్క. అందుకే మీ బావకి 6వ లెవెల్ వాళ్లకి ఉండే స్లాట్లే, 1, 2, 3వ లెవెల్‌వి వరసగా 4, 3, 3. కానీ ఏ స్పెల్స్ వస్తాయనేది మాత్రం ఒక్కో క్లాసుకి విడివిడిగా, ఆ క్లాసు ఒక్కటే ఉన్నట్టు చూస్తారు. 3వ లెవెల్ విజార్డ్‌కి 2వ లెవెల్ స్పెల్స్ దాకానే, 3వ లెవెల్ క్లెరిక్‌కీ అంతే. సంపులో నీళ్లు నిండా ఉన్నాయి, మోటరు మాత్రం రెండో అంతస్తు దాకానే ఎక్కిస్తుంది, అంతే తేడా.

ఇప్పుడు మొత్తం లెవెల్‌ని బట్టి స్పెల్స్ ఇస్తారనుకోండి. మీ చెల్లి వచ్చే లెవెల్‌లో ఒక్కటంటే ఒక్క లెవెల్ క్లెరిక్ తీసుకుంటుంది. ఆ ఒక్క లెవెల్‌తో 17కి వచ్చేసరికి క్లెరిక్ 9వ లెవెల్ స్పెల్స్ అన్నీ ఆమెవే. ఆ తర్వాత ఒకే క్లాసులో ఉండేవాడు పిచ్చోడు అవుతాడు. మీ టేబుల్ మీద అది చేసేదాకా ఊరుకోరు, నేనైతే మొదటి సెషన్‌లోనే చేస్తా.

స్పెల్ పాయింట్లు కూడా ఈ జబ్బుకి మందు కాదు. 6వ లెవెల్‌కి 32 పాయింట్లు వస్తాయి, అది స్లాట్లనే పాయింట్లలోకి మార్చిన లెక్క (1వ లెవెల్ స్పెల్‌కి 2, 2వదానికి 3, 3వదానికి 5). పాయింట్లున్నా 3వ లెవెల్ స్పెల్ రాకపోతే రానట్టే.

బావ దగ్గర ఆ పెద్ద స్లాట్లు వేస్ట్ అని మీరంటున్నారు గానీ, నిజంగా వాడుతున్నాడా? చాలా చిన్న స్పెల్స్‌ని పెద్ద స్లాట్‌లో వేస్తే బలం పెరుగుతుంది. ఫైర్‌బాల్ దెబ్బ 8డీ6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది), సగటు 28, అదీ 20 అడుగుల రేడియస్‌లో ఉన్న ప్రతివాడికీ. బావ షాటర్‌ని 3వ స్లాట్‌లో వేస్తే 4డీ8, సగటు 18, రేడియస్ 10 అడుగులే. గుంపు మీద చెల్లిదే గెలుపు, ఒప్పుకుంటా. కానీ ఒక్కడే బలమైనవాడు ఎదురుగా ఉంటే స్కార్చింగ్ రే 3వ స్లాట్‌లో నాలుగు కిరణాలు, ఒక్కోటి 2డీ6, అన్నీ తగిలితే అదీ 8డీ6. ఎయిడ్‌ని 3వ స్లాట్‌లో వేస్తే ముగ్గురికి 8 గంటల పాటు 10 హెచ్‌పీ (ప్రాణబలం) ఎక్కువ. హోల్డ్ పర్సన్‌తో ఒకరి బదులు ఇద్దర్ని కట్టేయొచ్చు. 2014 రూల్స్‌లో స్పిరిచువల్ వెపన్‌కి (గాల్లో తేలుతూ కొట్టే ఆయుధం) కాన్సంట్రేషన్ (ఒకసారికి ఒకే స్పెల్‌ని పట్టి ఉంచే ధ్యాస, దెబ్బ తగిలితే చెదరొచ్చు) అక్కర్లేదు కదా, దాన్ని బోనస్ యాక్షన్‌లో (వంతులో చేసే అదనపు చిన్న పని) తిప్పుతూ మెయిన్ యాక్షన్‌లో ఫైర్ బోల్ట్ 2డీ10 వేస్తూ పోవచ్చు, క్యాంట్రిప్‌లు (స్లాట్ అక్కర్లేని చిన్న స్పెల్స్) మొత్తం లెవెల్‌ని బట్టి పెరుగుతాయి కాబట్టి అక్కడ అతను ఏమీ పోగొట్టుకోలేదు. సేవ్ డీసీలో (స్పెల్‌ని తప్పించుకోవడానికి శత్రువు పాచికతో అందుకోవాల్సిన అంకె) ప్రొఫిషెన్సీ (లెవెల్‌తో పెరిగే బోనస్) కూడా మొత్తం లెవెల్‌దే.

నిజంగా పోగొట్టుకున్నది ఇంకోటి, దాన్ని ఎవరూ గమనించరు. ఎబిలిటీ స్కోర్ (ఇంటెలిజెన్స్, విజ్డమ్ లాంటి సహజ గుణాల అంకెలు) పెంపు మొదట క్లాసు 4వ లెవెల్‌లో వస్తుంది. చెల్లికి వచ్చింది, బహుశా ఇంటెలిజెన్స్ 18కి చేర్చి ఉంటుంది. బావ 3, 3 కాబట్టి 6వ లెవెల్ వచ్చినా ఒక్కటీ రాలేదు, పైగా అతనికి ఇంటెలిజెన్స్, విజ్డమ్ రెండూ కావాలి. అతని స్పెల్స్ తగలకపోవడానికి సగం కారణం ఇదే. ఆ పెంపుని మొత్తం లెవెల్ 4, 8, 12, 16, 19లో ఇచ్చేయండి. చిన్న మార్పు, ఎవరికీ అన్యాయం ఉండదు.

మళ్లీ కట్టుకోవడానికి ఒప్పుకుంటే మాత్రం క్లెరిక్ 1, విజార్డ్ 5. ఫైర్‌బాల్ ఈ ఆదివారమే వచ్చేస్తుంది, డాలు, మీడియం ఆర్మర్ ఎక్స్‌ట్రా. లోకమంతా చేసేది అదే.

పాత_ఎడిషన్_మామ

లోకమంతా చేసేది అదే కాబట్టి అందరి విజార్డ్‌లూ డాలు పట్టుకొని ఒకేలా కనిపిస్తున్నారు, సంతోషం.

తమ్మీ పానగల్లు, నేను మిర్యాలగూడ. నీ ప్రశ్న ఈ ఆటంత పాతది, ఒక్కో ఎడిషన్ ఒక్కో రకంగా జవాబిచ్చింది. అది తెలిస్తే నీ రూల్ నువ్వే రాసుకోవచ్చు.

1978 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనుషులకి మల్టీక్లాస్ లేదు, ఎల్ఫ్‌లూ వాళ్ల తోటి జాతులవాళ్లే రెండు మూడు క్లాసులు ఒకేసారి నడిపేవాళ్లు. వచ్చిన ఎక్స్‌పీని (లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు) ఆ క్లాసుల మధ్య సమంగా పంచుకోవాలి. వినడానికి పెద్ద శిక్షలాగే ఉంటుంది గానీ, అప్పటి పట్టికలో మొదట్లో ఒక్కో లెవెల్‌కి కావాల్సిన ఎక్స్‌పీ దాదాపు రెట్టింపు అవుతూ పోయేది. కాబట్టి సగమే వచ్చినా వాడు పక్కవాడికంటే ఒకట్రెండు లెవెళ్లే వెనక. రెండు క్లాసుల పనీ చేసేవాడు. మరీ ఎక్కువైపోకుండా జాతిని బట్టి లెవెల్‌కి గరిష్ఠ హద్దు పెట్టారు. ఆ హద్దులు నాకెప్పుడూ నచ్చలేదు, అది వేరే సంగతి.

2000లో వచ్చిన 3వ ఎడిషన్ దీన్ని తలకిందులు చేసింది. ఎవరైనా ఏ లెవెల్‌లోనైనా ఏ క్లాసైనా తీసుకోవచ్చు, లెవెళ్లు కూడుకోవచ్చు. ఫైటర్, రోగ్ కలిపితే బాగానే ఉండేది. మంత్రగాళ్ల దగ్గరికొచ్చేసరికి ఘోరం. విజార్డ్ 5, క్లెరిక్ 5 అంటే 10వ లెవెల్ మనిషి చేతిలో ఇద్దరు 5వ లెవెల్ పిల్లల మంత్రాలు. స్లాట్లు కలవవు. డ్యామేజీ ఆయా క్లాసు లెవెల్ బట్టే, డీసీ స్పెల్ లెవెల్ బట్టి, అంటే చిన్న స్పెల్స్‌ని శత్రువులు సులువుగా తప్పించుకుంటారు. పైన పాలమూరు చెప్పినవాటిలో మీ బావకి ఇప్పుడు కలిసొస్తున్నవన్నీ అప్పట్లో లేవు.

దానికి మందుగా 2003లో 3.5 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో మిస్టిక్ థియర్జ్ అని ఒక ప్రెస్టీజ్ క్లాస్ ఉంది. రెండు వైపులా 2వ లెవెల్ స్పెల్స్ వస్తే అందులోకి రానిస్తారు, అంటే విజార్డ్ 3, క్లెరిక్ 3. అక్కణ్నుంచి ఒక్కో లెవెల్‌కి రెండు వైపులా మంత్రాలు పెరుగుతాయి, పది లెవెళ్ల పాటు. చూశావా, మీ బావ ఇప్పుడు నిలబడ్డది సరిగ్గా ఆ గుమ్మం ముందే. నష్టం ఏంటంటే వాడు ఎప్పటికీ మూడు లెవెళ్లు వెనకే, ఇంకే కొత్త శక్తులూ రావు. లాభం, చేతిలో స్పెల్స్ రెండింతలు. కానీ ఎన్ని స్పెల్స్ ఉన్నా రౌండ్‌కి యాక్షన్ ఒక్కటే, అందుకే కాగితం మీద భయంకరంగా కనిపించినవాడు ఆటలో మామూలుగానే ఉండేవాడు.

2008లో 4వ ఎడిషన్ ఫీట్లతో (లెవెల్ పెరిగేటప్పుడు ఎంచుకునే ప్రత్యేక నైపుణ్యాలు) పక్క క్లాసు నుంచి ఒకట్రెండు శక్తులు ఇచ్చి ఊరుకుంది, 2010లో హైబ్రిడ్‌లు (రెండు క్లాసుల్ని చెరిసగం కలిపిన పాత్రలు) తెచ్చింది. 2019 పాత్‌ఫైండర్ (ఇట్లాంటిదే ఇంకో ఆట) 2వ ఎడిషన్ పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చుతుంది: నీ అసలు క్లాసు ఎక్కడా ఆగదు, రెండోదాని మంత్రాలు ఫీట్లు పెట్టి నెమ్మదిగా కొనుక్కుంటావ్.

నేనైతే ఇట్లా చేస్తా. 7వ లెవెల్ నుంచి బావకి రెండు క్లాసులూ కలిసి ఎదుగుతాయి, కానీ స్పెల్స్ వరకే. 7లో విజార్డ్ 4, క్లెరిక్ 4గా స్పెల్స్ లెక్కపెట్టు, 8లో 5, 5. అప్పుడు రెండు వైపులా 3వ లెవెల్ స్పెల్స్ వస్తాయి, చెల్లికి 5లో వచ్చినవి ఇతనికి 8లో. స్లాట్లు మామూలు పట్టికే, ఎక్కువ ఇవ్వకు. ఆ లెవెళ్లలో రెండు క్లాసుల మిగతా ఫీచర్లు ఏవీ రావు, హెచ్‌పీకి డీ6. పాలమూరు చెప్పిన స్కోర్ పెంపు మాత్రం ఇవ్వాల్సిందే. రెండు క్లాసుల్లోనూ కనీసం 3 ఉంటేనే ఈ దారి తెరుచుకుంటుంది కాబట్టి ఒక లెవెల్ రుచి చూసి పారిపోయేవాళ్లకి ఇది దొరకదు.

పానగల్లు_డీఎం

మామా, ఇది బాగుంది. చెల్లికి చదివి వినిపించా, "మూడు లెవెళ్లు వెనకుంటే నాకేం బాధలేదు" అంది, అంటే పాస్ అయినట్టే. కానీ 8వ లెవెల్ రావడానికి మాకు ఇంకా చాలా నెలలు పడుతుంది, అప్పటిదాకా బావ మూడు స్లాట్లు చూసుకుంటూ కూర్చుంటాడు. లెక్క సరిపోతే సరిపోదు కదా, పూజారీ మంత్రవాదీ ఒకే మనిషి అయినందుకు ఇంకెవరూ చేయలేనిది ఏదో ఒకటి చేయాలని నా కోరిక. దాని గురించి ఎవరైనా చెప్పండి.

జోగులాంబ_డ్రూయిడ్

అన్నయ్యా, మీ రెండో ప్రశ్నే నాకు ఆసక్తి, మొదటిదాన్ని పైవాళ్లు బాగానే ఉతికారు. మాది అలంపూర్ దగ్గర. నేను డీఎంగా ఉన్నప్పుడు క్లాసుల జోలికి వెళ్లేముందు ఒకటే అడుగుతా: ఈ మనిషికి మంత్రం ఎక్కణ్నుంచి వస్తోంది, దానికి ఏం చెల్లిస్తున్నాడు, ఎప్పుడు పని చేయదు?

5వ ఎడిషన్‌లో ఈ మూడింటికీ జవాబు దాదాపు ఒకటే, అదే చిక్కు. విజార్డ్ పొద్దున్నే చదివి సిద్ధం చేసుకోవడం అన్నది 1950ల నాటి జాక్ వాన్స్ కథల నుంచి తెచ్చుకున్నది, అక్కడ మంత్రం ఒకసారి వాడితే బుర్రలోంచి పోతుంది. అదే పద్ధతిని తెచ్చి పూజారికీ తగిలించారు. అమ్మవారు ఇచ్చిన శక్తికీ పుస్తకం ఇచ్చిన శక్తికీ ఒకే స్లాట్, ఒకే రాత్రి నిద్ర. రెండూ ఒకే సరుకైనప్పుడు కలిపినవాడికి కొత్తగా ఏం దొరుకుతుంది? ఇంకొంచెం పొడుగైన జాబితా, అంతే.

వేరే గేమ్‌కి మారొద్దన్నారు కాబట్టి మారమనను, కానీ ఒక ఐడియా దొంగిలించండి. 1987లో వచ్చిన ఆర్స్ మ్యాజికాలో మంత్రగాళ్లకి క్లాసులే లేవు. సృష్టించు, తెలుసుకో, మార్చు, నాశనం చేయి, అదుపు చేయి అని ఐదు క్రియలు. నిప్పు, నీరు, గాలి, దేహం, మనసు లాంటి పది విషయాలు. ఒక క్రియని ఒక విషయంతో జత చేస్తే మంత్రం. అక్కడ కలపడమే మ్యాజిక్, అందుకే కలిపినవాడు అరకొర కాడు. మీరు దాన్ని మీ ప్రపంచానికి సరిపడా చిన్నది చేసుకోవచ్చు. విజార్డ్‌లు నీడని కదిలిస్తారు. అమ్మవారి పూజారులు నీడని నిలబెడతారు. వెలుగుని తెచ్చే పని ఇద్దరికీ వచ్చు. కదిలించడం, నిలబెట్టడం రెండూ వచ్చినవాడు మీ బావ ఒక్కడే.

అప్పుడు ఆ ఖాళీ 3వ స్లాట్లకి జంట మంత్రాలు రాయండి. విజార్డ్ 3, క్లెరిక్ 3 రెండూ ఉంటేనే వచ్చేవి, మామూలు జాబితాలో ఉండనివి. ఉదాహరణకి నీడచేయి. 3వ స్లాట్, కాన్సంట్రేషన్, ఒక నిమిషం. తోటివాడి నీడని వాడు నిలబడ్డ చోటే పాతేస్తాడు, వాడు ఎక్కడికి వెళ్లినా నీడ అక్కడే ఉంటుంది. పూజారి 60 అడుగుల లోపు నుంచి ఆ నీడని తాకితే వాడిని తాకినట్టే, టచ్ స్పెల్స్ పని చేస్తాయి. చీకట్లో పనిచేయదు. ఇట్లాంటివి ఒక్కో స్పెల్ లెవెల్‌కి ఒకటి చాలు, ఎక్కువ రాస్తే చెల్లెమ్మ ఊరుకోదు.

ఇంకో మాట, ఆటకి సంబంధించిందే. మన దగ్గర ఆడేటప్పుడు చేతబడి, బాణామతి అనే మాటలు మంత్రాల పేర్లుగా పెట్టకండి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆ అనుమానంతోనే ముసలివాళ్లని కొట్టారు, చంపారు, ఆ వార్తలు మనకి కొత్త కాదు. డాబా మీద పిల్లలు అరుచుకుంటూ ఆ పేర్లు పలుకుతుంటే కింద వినేవాళ్లకి అది ఆటలా వినిపించదు. నీడ, వెలుగు, చెరువు, ఇవి ఎవరికీ ఇబ్బంది లేని పేర్లు, పైగా అందంగా ఉన్నాయి.

షార్ట్_రెస్ట్_సోపతి

మంత్రాలకి చింతకాయలు రాలవంటారు, చెల్లెమ్మ ఫైర్‌బాల్‌కి చెట్టే మిగలదు అన్నా.

జర సీరియస్‌గా: ఏ హౌస్ రూల్ (సొంతంగా రాసుకున్న రూల్) పెట్టినా రెస్ట్‌ల దగ్గర జాగ్రత్త. వార్లాక్ స్లాట్లు షార్ట్ రెస్ట్‌కే (చిన్న విశ్రాంతి) తిరిగొస్తాయి, మిగతావాళ్లవి లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్ర). సోర్సరర్‌తో కలిపితే వార్లాక్ స్లాట్లని సోర్సరర్ సొంత పాయింట్లుగా మార్చి, ఆ పాయింట్లతో మామూలు స్లాట్లు చేసుకొని, మళ్లీ షార్ట్ రెస్ట్, మళ్లీ మార్చు. అట్లా చేసిన స్లాట్లు లాంగ్ రెస్ట్‌కి మాయమవుతాయి కాబట్టి వాడు నిద్రే పోడు, దీనికి కాఫీలాక్ అని పేరు కూడా ఉంది. 2017లో వచ్చిన జానాథర్స్ గైడ్‌లో 24 గంటలు లాంగ్ రెస్ట్ తీసుకోకపోతే కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఓర్పుకి పాచిక పరీక్ష), తప్పితే ఎగ్జాషన్ (అలసట) అనే ఆప్షనల్ రూల్ ఉంది, దాన్ని పెట్టుకోండి. మీ టేబుల్‌లో వార్లాక్ లేడనుకుంటున్నారేమో, బావ పద్ధతి చూసి మూడోవాడు తప్పకుండా అడుగుతాడు. మామ చెప్పిన రూల్‌లో "ఫుల్ క్యాస్టర్ క్లాసులు రెండు మాత్రమే" అని ఒక వాక్యం రాసి పెట్టండి (ఫుల్ క్యాస్టర్ అంటే స్లాట్ల లెక్కలో లెవెల్స్ పూర్తిగా కలిసే క్లాసు), వార్లాక్‌కి తలుపు మూసుకుంటుంది.

పాలమూరు_క్రిట్

జోగులాంబ గారూ, జంట మంత్రం ఆలోచన సూపర్, కానీ నీడచేయి నేను ఒప్పుకోను. ఫైండ్ ఫెమిలియర్ (చిన్న జంతువు రూపంలో తోడుని పిలిచే స్పెల్) చూడండి. 1వ లెవెల్ స్పెల్, రిచువల్‌గా (తీరిగ్గా ఎక్కువసేపు పెట్టి) వేస్తే స్లాట్ కూడా ఖర్చు కాదు. గుడ్లగూబ 100 అడుగుల లోపు ఎగిరిపోయి టచ్ స్పెల్ అందించి వస్తుంది, కాన్సంట్రేషన్ అక్కర్లేదు. అదే పనిని 3వ స్లాట్ పెట్టి ఇంకా తక్కువ దూరంలో చేస్తే బావ మళ్లీ మోసపోయినట్టే. వైద్యం కోసమైతే హీలింగ్ వర్డ్ ఎలాగూ 60 అడుగులు.

చీకట్లో పనిచేయదు అన్న హద్దు కూడా ఉత్తదే, ఎవరో ఒకరు లైట్ క్యాంట్రిప్ వేసేస్తారు. హద్దు పెడితే అది నిజంగా తగలాలి. మంత్రంతో పుట్టిన వెలుగుకి నీడ నిలబడదు, ఎండ గానీ నూనె దీపం గానీ ఉండాల్సిందే అని రాయండి. అప్పుడు గుహలోకి వెళ్లేముందు నూనె కొనుక్కోవాలి, దీపం ఎవరు పట్టుకోవాలి, గాలికి ఆరితే ఏంటి, శత్రువు దీపాన్ని కొడితే ఏంటి, ఇవన్నీ ఆటలోకి వస్తాయి.

జోగులాంబ_డ్రూయిడ్

గుడ్లగూబ పాయింట్ కరెక్టే, మంచి దెబ్బ. అయితే టచ్ సంగతి తీసేసి ఇట్లా మార్చుదాం. నీడ పాతాక, ఆ తోటివాడికి దెబ్బ తగిలిన వెంటనే రియాక్షన్‌తో (తన వంతు కాకపోయినా చేయగల ఒక పని) తన నీడ ఉన్న చోటికి వెళ్లిపోవచ్చు, 60 అడుగుల లోపు ఉంటే. దెబ్బ తగిలిందే, తప్పదు, కానీ నీడలోకి చేరగానే 1డీ8 ప్లస్ పూజారి విజ్డమ్ మాడిఫయర్ అంత హెచ్‌పీ తిరిగొస్తుంది. మూడుసార్లు అయ్యాక గానీ నిమిషం అయ్యాక గానీ మంత్రం పోతుంది. మిస్టీ స్టెప్ (చటుక్కున వేరే చోటికి చేర్చే స్పెల్) వేసుకున్నవాడినే తీసుకెళ్తుంది, హీలింగ్ వర్డ్ ఎవర్నీ కదిలించదు. ఇది రెండూ చేస్తుంది, అదీ వేరేవాడికి, వాడి రియాక్షన్‌తో. నూనె దీపం రూల్ నాకు చాలా నచ్చింది, ఉంచేయండి.

పాలమూరు_క్రిట్

ఇప్పుడు ఓకే. బావకి దెబ్బ తగిలితే కాన్సంట్రేషన్ సేవ్ ఉండనే ఉంది, కాబట్టి శత్రువులు అతని మీదికి రావడానికి కారణం దొరికింది. ఫైటర్ ముందుకెళ్లి కొట్టి వెనక్కి వచ్చేస్తుంటే మీ రాతి జీవాలకి పిచ్చెక్కుతుంది.

పానగల్లు_డీఎం

అందరికీ థ్యాంక్స్, చాలా స్పష్టంగా తేలిపోయింది. స్కోర్ పెంపు మొత్తం లెవెల్ బట్టి, ఇది అందరికీ. 7 నుంచి మామ రూల్, ఇద్దరు ఫుల్ క్యాస్టర్లు, రెండింట్లోనూ కనీసం 3. ఇప్పటికిప్పుడు నీడ మంత్రం ఒక్కటి, దీన్ని బావ కొనుక్కోకూడదు, దేవరకొండ ఖిల్లా కింద గుడిలో దొరికేట్టు రాస్తున్నా, దానికి ముందు కరువు ఊరి వాళ్లతో ఒక లెక్క తేల్చుకోవాల్సి ఉంటుంది. పాలమూరు భయ్యా లిస్టు చూపించాక బావ స్కార్చింగ్ రే రాసుకున్నాడు, ఎయిడ్ సిద్ధం చేసుకుంటాడట, ఇన్నాళ్లూ ఆ స్పెల్స్ పైస్లాట్‌లో ఏం చేస్తాయో కింది వాక్యం చదవనేలేదు. చెల్లి ఒక షరతు పెట్టింది: తన ఫైర్‌బాల్ వెలుగుకి కూడా నీడ నిలబడకూడదు. మంత్రపు వెలుగే కాబట్టి రూల్ ప్రకారం నిలబడదు, సరే అన్నా.

చివరగా ఒకటి. ఇవన్నీ తెలుగులో రెండు మూడు పేజీలు టైప్ చేసి, జిరాక్స్ తీసి ఇక్కడ కాలేజీ పిల్లల గ్రూపుకి కూడా ఇద్దామనుకుంటున్నా, స్పెల్స్ వివరాలతో సహా. కాపీరైట్ గొడవ ఏమైనా ఉంటుందా?

పాలమూరు_క్రిట్

పుస్తకంలో వాక్యాలు దించి పెడితే ఉంటుంది. ఎస్‌ఆర్‌డీ 5.1 అని ఉచితంగా దొరికే రూల్స్ డాక్యుమెంట్ ఉంది, 2023 జనవరిలో దాన్ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 (మూలం పేరు చెప్పి ఎవరైనా వాడుకోగల లైసెన్స్) కింద వదిలారు. అందులోంచి తీసుకోండి, ఎక్కణ్నుంచి తీసుకున్నారో అందులో చెప్పిన విధంగా ఒక లైన్ వేయండి, అనువాదం కూడా చేసుకోవచ్చు. షాటర్, స్కార్చింగ్ రే, ఎయిడ్, హోల్డ్ పర్సన్, స్పిరిచువల్ వెపన్, ఫైండ్ ఫెమిలియర్ అన్నీ అందులో ఉన్నాయి, మల్టీక్లాస్ స్లాట్ల పట్టిక కూడా. స్పెల్ పాయింట్లు, జానాథర్స్ రూల్ అందులో లేవు, వాటిని వదిలేయండి. నీడ మంత్రం జోగులాంబ గారిది, ఆమెని అడిగి పేరు వేయండి.

జోగులాంబ_డ్రూయిడ్

వేసుకోండి, నా పేరు అక్కర్లేదు. ఆ పేజీలు అయ్యాక పీడీఎఫ్ ఇక్కడ పెట్టండి, గద్వాలలో మా వాళ్లు నలుగురు ఎదురుచూస్తున్నారు.